ఏడు నిమిషాల సవరణ

తీర్పు వెలువడిన రోజున జ్యోతిష్కుడు మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. పొద్దుటి నుంచి రేడియో ముందు కదలకుండా కూర్చున్నాడు. మగవాడు మగవాణ్ని, ఆడది ఆడదాన్ని ప్రేమించడం నేరమంటూ తాతముత్తాతల కాలం నుంచి పుస్తకాల్లో తిష్ఠవేసిన చట్టం ఇక చెల్లదని న్యాయమూర్తి చదవడం మొదలుపెట్టగానే, ఆయన తలెత్తి గోడగడియారం చూశాడు. పది గంటల నలభై ఒక్క నిమిషం. కాగితం మీద ఆ అంకె వేసి, పక్కన 'సవరణ' అని గీసుకున్న గడిలో ఏడు తీసివేసి, అసలు సమయం పది ముప్పై నాలుగు అని రాసుకున్నాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నది ఆ తర్వాతే.

ఆ గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. అది లోపం కాదు, ఏర్పాటు. ఇరవై అయిదేళ్ల కిందట, వీధి చివర వాచీలు బాగుచేసే కొట్టు నడిపే మనిషి ఈ ఇంటి మేడగదిలో అద్దెకు దిగాడు. ఏడాది తిరిగేసరికి మేడగదిలో పడుకునేవాళ్లు లేకపోయారు. మెట్ల దగ్గర అతని పేరు రాసిన చెక్క మాత్రం చూసేవాళ్ల కోసం వేలాడుతూనే ఉండేది. జ్యోతిష్కుడు గ్రహాల విషయంలో రవ్వంత తేడా రానివ్వడు గాని, గడప దాటడంలో మహా బద్ధకస్తుడు. చేతికి వాచీ పెట్టుకోడు. తన వారఫలాల శీర్షిక పట్టుకుని వారం వారం పత్రికాఫీసుకు ఆలస్యంగా వెళ్లి మాటలు పడేవాడు. వాచీల మనిషి చూసి చూసి, తన చేత్తో బాగుచేసిన పాత గడియారం ఒకటి తెచ్చి హాల్లో తగిలించి, ముల్లు ఏడు నిమిషాలు ముందుకు తిప్పాడు.

"నాకు తెలిసిపోయాక ఇంకేం లాభం?" అన్నాడు జ్యోతిష్కుడు.

"నీకు తెలిసినా నీ కాళ్లు నమ్ముతాయిలే, ఆలస్యంగారూ."

కాళ్లు నిజంగానే నమ్మాయి. నెల తిరక్కుండా ఆయన అందరికన్నా ముందు ఆఫీసు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఇంట్లో జాతకచక్రం వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఏడు నిమిషాలూ తీసేయాలి. అందుకని నోటుపుస్తకాల్లో ప్రతి పేజీ పైనా సవరణ గడి ఒకటి గీసుకున్నాడు.

ఒంటిగంటకు సంపాదకురాలు ఫోను చేసింది.

"గురువుగారూ, విన్నారుగా? ఎక్కడ చూసినా ఇదే గోల. రేపటి పేజీలో మీ ముక్క పడాల్సిందే. తీర్పుకి జాతకం రాయండి."

"తీర్పుకి జాతకమా?"

"పుట్టిన బిడ్డకి రాస్తారు, తెరిచిన దుకాణానికి రాస్తారు, దీనికేం వచ్చింది? ఇన్నేళ్లూ కానిది ఇవాళే ఎందుకైంది, పైనున్న గ్రహాలు ఏమంటున్నాయి, అదీ సంగతి. ఐదింటికి పేజీ మూసేస్తాం. మీకు చెప్పక్కర్లేదనుకోండి, మీరెప్పుడూ ముందే ఊడిపడతారు."

చక్రం వేయడానికి పావుగంట పట్టలేదు. తీర్పు చదివిన నిమిషానికి తూర్పున ఉదయిస్తున్న రాశి తుల. అంటే తులా లగ్నం. దాని అధిపతి శుక్రుడు, ప్రేమకు పెద్దదిక్కు, తన సొంత ఇంట్లోనే ఉన్నాడు. శని పదో ఇంట, ఏలేవాళ్ల స్థానంలో, మేలుచేసే చోటనే ఉన్నాడు. ఇంతకన్నా నిండైన చక్రం ఆయన చేతి కింద ఎన్నడూ పడలేదు. కాలం పండింది కనుక ఫలించిందని రాయవచ్చు. పాఠకులకు అది చాలు. ఆయనకు మాత్రం ఇంకొకటి కావాలి: దీని పక్కన పెట్టడానికి, కాలం పండని రోజు చక్రం. ఆ చక్రం ఆయన దగ్గర ఉంది. పంతొమ్మిదేళ్లుగా దాన్ని విప్పలేదు.

బీరువా పై అరలోంచి అట్ట మాసిన నోటుపుస్తకం తీస్తుంటే ఆ ఉదయం మొత్తం కళ్ల ముందుకొచ్చింది. చలికాలం మొదలు. కిటికీ అద్దాల మీద ఆవిరి. వాచీల మనిషి రెండు టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, తన గ్లాసు ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"ఒక లాయరమ్మ కోర్టుకెళ్తోంది. ఈ చట్టం కొట్టేయమని. పేరూ ఊరూ రాసి సంతకం పెట్టేవాళ్లు పన్నెండు మంది కావాలట. పదకొండు మంది దొరికారు. రాశికొకడు చొప్పున లెక్క కుదరాలంటే నేనొక్కణ్నే తక్కువ." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "పెట్టమంటావా? నా పేరు బయటికొస్తే వెనకాలే నీ పేరూ వస్తుంది. అందుకే అడుగుతున్నా."

పెట్టమనో వద్దనో జ్యోతిష్కుడు తన నోటితో తానే చెప్పవచ్చు. చెప్పలేదు. "గ్రహాల్నే అడుగుదాం" అన్నాడు. ప్రశ్న అడిగిన నిమిషానికి చక్రం వేసి జవాబు వెతకడం ఆ వృత్తిలో ఉన్న పద్ధతే. గడియారం చూస్తే ఆరు ఇరవై తొమ్మిది. ఆ నిమిషానికి లగ్నం వృశ్చికం. అందులో శని.

"శని లగ్నంలోనే కూర్చున్నాడు. ఇప్పుడొద్దు. కాలం ఇంకా పండలేదు."

వాచీల మనిషి ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత గోడకేసి చూశాడు.

"శనిగారు కూర్చుంటే మనం నిలబడాల్సిందేగా. సరే." గ్లాసులు తీసుకెళ్లి కడిగి బోర్లించాడు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పదకొండు మందీ సంతకం చేశారు. కొందరికి ఉద్యోగాలు పోయాయి, ఒకామెను కన్నవాళ్లే గడప తొక్కవద్దన్నారు, మొదటి కోర్టు వాళ్ల అర్జీ తోసిపుచ్చితే పైకోర్టుకెక్కారు. పత్రికలో ఆ వార్తలు చదివినప్పుడల్లా జ్యోతిష్కుడు లోలోపల ఊపిరి పీల్చుకునేవాడు: నా మనిషిని కాచుకున్నాను. రెండేళ్ల కిందట వాచీల మనిషిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఆ మాటే నెమరువేసుకున్నాడు. అక్కడ రోగితో సంబంధం అనే గడిలో 'ఇంటి యజమాని' అని రాశాడు. దగ్గరి బంధువులనే లోపలికి పంపిస్తామన్నారు. నాలుగు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగో రోజున ఊరి నుంచి దిగిన అతని చెల్లెల్ని లోపలికి పంపారు. ఆమె బయటికొచ్చి, "ఆదివారం గడియారానికి కీ ఇచ్చారా అని అడుగుతున్నాడండీ మా అన్నయ్య" అంది. ఇచ్చానని చెప్పమన్నాడు. ఆ మాట అందిందో లేదో ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే అతను పోయాడు.

నోటుపుస్తకంలో ఆ పేజీ దొరికింది. తన అక్షరాలే, ముత్యాల్లా ఉన్నాయి. తేదీ, ప్రశ్న, 'చూసిన సమయం: 6-29'. దాని పక్కన సవరణ గడి.

గడి ఖాళీగా ఉంది.

ముందు పేజీ తిప్పాడు; సవరణ ఏడు. వెనక పేజీ తిప్పాడు; సవరణ ఏడు. ఆ పుస్తకం మొత్తం, ఆ తర్వాత ఆ అరలోని పుస్తకాలన్నీ తిరగేశాడు. ఇన్నేళ్లలో, ఇన్ని వందల చక్రాల్లో, ఒక్క గడే ఖాళీ.

తెల్ల కాగితం తీసుకుని, అసలు సమయానికి, ఆరు ఇరవై రెండుకు, చక్రం మళ్లీ వేశాడు. ఆ ఏడు నిమిషాల నడుమనే రాశి మారింది. ఆరు ఇరవై రెండుకు లగ్నం ఇంకా తులలోనే ఉంది. అందులో శుక్రుడు. శని పక్క ఇంట్లో ఎక్కడో ఒదిగి ఉన్నాడు. పొద్దున వేసిన తీర్పు చక్రాన్ని దాని పక్కన పెట్టాడు. అదే లగ్నం, అదే లగ్నాధిపతి. కొత్తగా ఈ విద్య నేర్చుకునేవాడు కూడా జవాబు చెప్పేస్తాడు: పెట్టు.

అప్పుడు ఫోను మోగింది. సంపాదకురాలు అనుకున్నాడు. కాదు, వాచీల మనిషి చెల్లెలు.

"బాగున్నారా ఇంటాయనగారూ? రేడియో విన్నాను. ఎవరితో చెప్పుకోవాలో తోచక మీకు చేశాను." మళ్లీ తనే అందుకుంది. "ఇంటాయనగారూ అనడం ఇక మానేస్తానండీ. ఎన్నాళ్లని అబద్ధమాడతాం? అన్నయ్య మనిషిని వదినా అనాలి. మీసాలున్న వదినని పిలవడానికి నాకు నోరు తిరగట్లేదు."

ఆయనకు నవ్వొచ్చింది. "నీకెప్పటి నుంచి తెలుసమ్మా?"

"మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడే. టీలో మీకు తీపి తక్కువ, వాడికి ఎక్కువ. ఎవరి గ్లాసు ఏదో చూడకుండానే వాడు మీ ముందు పెట్టాడు. అద్దెకున్నవాడు అలా పెడతాడా?" అని, మాట మార్చింది. "ఒకటి చెప్దామని చేశాను. నిన్న నా టేబుల్ గడియారం ఆగిపోతే వెనక మూత విప్పించాను. లోపల సూదితో గీసిన అక్షరాలున్నాయి. బాగుచేసిన ప్రతిసారీ తేదీ గీస్తారట వాచీలవాళ్లు. వీడు తేదీతో ఆగలేదు. 'చెల్లి ఏడుస్తూ తెచ్చింది, మొగుడితో గొడవ' అని గీశాడు! చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీ గోడగడియారంలో ఏం గీశాడో ఎప్పుడన్నా చూశారా?"

చూడలేదు. ఆ మూత వెనక ఏదైనా ఉండవచ్చన్న ఊహే ఆయనకు లేదు.

కుర్చీ ఎక్కి గడియారం దించి, బల్ల మీద తువ్వాలు పరిచి, బోర్లా పడుకోబెట్టాడు. నాలుగు మరలు. ఇత్తడి మూత లోపలి వైపున, భూతద్దం పెడితే తప్ప ఆనని సన్నటి గీతలు వరుసగా ఉన్నాయి. 'తగిలించాను. ప్లస్ ఏడు. ఆలస్యం కోసం.' తర్వాత ఏడాదికొకటి చొప్పున తేదీలు: 'నూనె. ప్లస్ ఏడు.' 'స్ప్రింగు మార్చాను. ప్లస్ ఏడు.' వేలితో ఒక్కొక్క వరుసే దిగుతూ ఆ చలికాలపు తేదీ దగ్గరికి వచ్చాడు. అక్కడ నూనె లేదు, స్ప్రింగు లేదు.

'ఇవాళ అడిగాను. ఏడు తీయడం మరిచాడు. బాగా భయపడ్డాడు. గుర్తు చేయలేదు.'

జ్యోతిష్కుడు భూతద్దం పక్కన పెట్టాడు. గోడకేసి అతను చూసిన ఆ చూపు ఇప్పుడు అర్థమైంది. నిమిషాలతో బతికేవాడికి ఆరు ఇరవై తొమ్మిది అన్న మాట చెవిన పడగానే తప్పు తెలిసిపోయి ఉంటుంది. ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, చక్రం మళ్లీ వేయాల్సి వచ్చేది. గ్రహాలు పెట్టమంటే, వద్దనడానికి జ్యోతిష్కుడి దగ్గర తన భయం తప్ప మరేమీ మిగిలేది కాదు. ఆ భయాన్ని అతని ముందు విప్పి చూపించాల్సిన అవస్థ ఆయనకు రాకుండా, గ్లాసులు తీసుకెళ్లి కడిగాడు. ఇన్నాళ్లూ తాను అతన్ని కాచుకున్నాననుకున్నాడు. కాచుకున్నది అతను. పన్నెండో సంతకాన్ని మింగి, పదిహేడేళ్లు నోరు మెదపకుండా, ఏటేటా అదే మూత విప్పి, ఆ గీతల పక్కనే నూనె వేసి, మళ్లీ మూసి, చివరికి 'ఇంటి యజమాని' బయట బెంచీ మీద కూర్చుని ఉండగా పోయాడు.

బల్ల మీద గడియారం బోర్లాపడి కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంది.

మూత బిగించి, గోడకు తగిలించి, కాగితాలు ముందుకు లాక్కున్నాడు. 'కాలం పండింది' అని మొదలుపెట్టి ఆపేశాడు. కాలం పండే ఉంది, ఆ చలికాలపు ఉదయమే. కోయడానికి చెయ్యి చాపనివాడు తాను. ఆ కాగితం నలిపి, మరొకటి తీశాడు. రాతలో తప్పు దొర్లితే పత్రికలో దానికొక పద్ధతి ఉంది. చివరి నిలువు వరుసలో, చిన్న చట్రంలో, 'సవరణ' అని వేస్తారు. దాన్నే శీర్షికగా పెట్టుకుని, గోరంత కొట్టివేత లేకుండా రాశాడు.

నాలుగున్నరకు గడియారం చూసి బయల్దేరాడు. మెట్ల దగ్గర పేరు చెక్క ముందు ఒక క్షణం ఆగాడు. రెండేళ్లుగా దాన్ని తీయడానికి మనసొప్పలేదు. ఇవాళ మేకు ఊడదీసి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, తన పేరున్న చెక్క పక్కనే, వీధి గుమ్మానికి తగిలించాడు.

సంపాదకురాలు కాగితం అందుకుంటూనే, "వచ్చేశారా! గ్రహాలు తప్పినా మీరు తప్పరు" అంది. నిలబడే చదవడం మొదలుపెట్టింది.

'పంతొమ్మిదేళ్ల కిందట ఈ శీర్షిక రాసే నేను వేసిన ఒక ప్రశ్నచక్రంలో ఏడు నిమిషాల తప్పు ఉంది. నేను చూసిన సమయం 6-29. అసలు సమయం 6-22. సంతకం పెట్టవచ్చా అన్నది ప్రశ్న. వద్దని చెప్పాను. పెట్టు అన్నది సరైన జవాబు. తప్పు గ్రహాలది కాదు, గడియారానిది కాదు, నేను భయపడ్డాను. ఇవాళ్టి తీర్పు సంతకం చేసిన పదకొండు మందిది. పన్నెండో పేరు ఉండవలసింది. ప్రశ్న అడిగిన వ్యక్తి వాచీలు బాగుచేసేవాడు. ఇరవై మూడేళ్లు నాతో కలిసి ఒకే ఇంట్లో బతికాడు. అతను నా ఇంట్లో అద్దెకున్నవాడు కాదు.'

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "పాఠకులు శుక్రుడెక్కడున్నాడు, శని ఎక్కడున్నాడు అని అడుగుతారండీ."

"అడగనివ్వు తల్లీ. వచ్చే వారం చెప్తాను."

"కింద పేరు? ఎప్పటి కలం పేరేనా?"

"కాదు. అసలు పేరు, ఇంటి పేరుతో సహా."

ఆమె గోడ మీది ఆఫీసు గడియారం చూసింది. "గురువుగారూ, ఒకసారి అచ్చయితే వెనక్కి తీసుకోలేం. పేజీ మూయడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. బెంచీ మీద కూర్చోండి. ఆలోచించుకోండి."

ఆయన వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఆ ఏడు నిమిషాలూ కదలకుండా కూర్చున్నాడు. ఐదయింది. ఆమె తలెత్తి చూసింది. వేసేయమన్నట్టు ఆయన తలూపాడు.