మూడో స్ట్రైక్

ఆ అమెరికా బేస్‌బాల్ ఆటగాడు గెలుస్తున్నన్నాళ్లూ మేజోళ్లు ఉతకనివ్వలేదట. బంతి విసిరే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని సలహా అడిగేవాడట. ఆట మానేశాక పాత బస్సులో మేకలతో కాపురం పెట్టాడు. ఆదివారం పొద్దున టీవీలో ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ చూస్తూ తిలక్ తొడ చరుచుకున్నాడు.

"జీనియస్ అంటే ఈయప్పే!"

పక్కన అనపకాయలు ఒలుస్తున్న అంబిక, ఆ మేజోళ్ల వాసన భరించిన భార్య ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూసింది. గంటలో ఒక్కసారి, తలుపు చాటున, సగం కనిపించింది. అంబిక గ్లాసులను వరసగా బోర్లిస్తే మాత్రం ఈ ఇంట్లో దాని పేరు చాదస్తం.

రేపు ఆమె రాయకోట స్కూల్లో టీచరుగా చేరాలి. మత్తిగిరిలో ఏడింటికే బస్సు. ఆ తర్వాత కూతురు పవిత్రకు జడలు వేసి స్కూలు వ్యాను ఎక్కించే మనిషి కావాలి. శుక్రవారం అడిగితే భర్త తిలక్ "చూద్దాములే" అన్నాడు. నిన్న అడిగితే ఫోనులోంచి తల ఎత్తలేదు.

టీవీలో ఎవరో "స్ట్రైక్!" అని అరిచారు. కునుకు తీస్తున్న మామ జయరామప్ప ఉలిక్కిపడి లేచాడు. ఒకప్పుడు హోసూరు ఫ్యాక్టరీ గేటు ముందు నలభై రోజులు సమ్మెలో కూర్చున్న మనిషి.

"యాడరా స్ట్రైకు? గేటు లేదు, జెండా లేదు."

"అది కాదు నాయనా. బాగా వచ్చిన బంతిని కొట్టకుండా ఊరికే చూస్తా నిలబడితే స్ట్రైకు. మూడైతే అవుటు."

"పని చేయకుండా నిలబడేదే కదా? మా స్ట్రైకుకూ దీనికీ తేడా ఏముండాది?"

అంబిక చేతిలోని కాయ చేటలో పెట్టింది. "ఏమండీ, రేపు పాపకు జడలు వేస్తారా?"

తిలక్ చూపు మేకల మీదే ఉంది. "చూద్దాములే అంటి కదా."

"మూడు!" అన్నాడు జయరామప్ప, చెయ్యి పైకెత్తి. "అవుటురా తిలక్. పోయి దువ్వెన తే. ఈ పొద్దే నేర్చుకో."

"నాయనా, నాకు యాడొస్తాది..."

"అంపైరుతో వాదించేది లేదప్పా."

సోమవారం బస్సు కెలమంగలం దాటుతుండగా అంబికకు ఫొటో వచ్చింది. పవిత్రకు రెండు జడలు, ఒకటి చెవి పైన, ఒకటి మెడ మీద. కింద తిలక్ రాశాడు: "అరగంట పట్టింది. పాప కదిలింది."

అంబిక "జీనియస్" అని పంపి, ఫోను సంచిలో పడేసింది.