తలుపు వేసుకునే పని

"ఖాళీగానే ఉన్నావుగా, ఆ దుప్పట్లు కాస్త మడత పెట్టెయ్యమ్మా" అంది అత్తగారు తలుపు తోసుకుని వచ్చి. కోడలి చేతిలో కుంచె ఉంది, కుంచెకి తడి నీలం ఉంది, ముందున్న కాగితం మీద సగం ఆకాశం ఉంది. ఖాళీ అంటే అదేనన్నమాట. లేచి వెళ్లి దుప్పట్లు మడత పెట్టి వచ్చేసరికి ఆకాశం మధ్యలో రంగు ఎండిపోయి, ఎంత నీళ్లు పెట్టినా కలవని చార పడిపోయింది. కాగితం చింపి పారేసింది.

ఇదే గదిలో కూర్చుని ఆమె ఏళ్ల తరబడి ఒక ఫైనాన్స్ కంపెనీకి పనిచేసింది. ఎవరికి అప్పిస్తే మునుగుతామో ముందే లెక్కకట్టి చెప్పే ఉద్యోగం. అప్పుడు ఈ తలుపుకి ఉన్న మర్యాద చూడాలి. లోపల ఫోన్ మోగితే చాలు, బయట టీవీ నోరు మూసుకునేది. భర్త పాపని ఎత్తుకుని బాల్కనీలోకి పోయేవాడు. అత్తగారు పిల్లిలా అడుగులేసేది. అంత మర్యాద తెచ్చిన ఆ ఉద్యోగం మీద ఆమెకి మాత్రం ఏనాడూ మనసు లేదు. రిపోర్టుల అంచుల్లో పిట్టలూ కుక్కపిల్లలూ గీసుకుంటూ నెట్టుకొచ్చి, చివరికి పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తానని రాజీనామా ఇచ్చేసింది. ఆ మర్నాటి నుంచి గదికి తలుపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గ్యాస్ సిలిండరొస్తే ఆమె, పాపకి జలుబు చేస్తే ఆమె, ఆడపడుచు పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికీ ఆమే. "ఇంట్లోనే ఉంటావుగా" అనేవాళ్లు కొందరు, "బొమ్మలేగా" అనేవాళ్లు కొందరు. భర్త రెండూ అనేవాడు. స్నేహితుల ముందు "మా ఆవిడకి ఈమధ్య తీరిక దొరికింది" అని నవ్వి, ఆ నవ్వులో ఆమె కూడా కలుస్తుందేమోనని చూసేవాడు.

ఎట్టకేలకి ఒక పబ్లిషరు నమ్మి ఒక పుస్తకం మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. గడువు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా చెప్పాడు. చింపేసిన ఆకాశం ఆ పుస్తకంలో మొదటి పేజీ.

ఆ వారంలోనే పాత ఆఫీసు స్నేహితురాలు ఫోన్ చేసి ఏదో ఫైలు గురించి అడిగింది. ఆమె వడ్డీలు, బకాయిలు అంటూ గట్టిగా వివరిస్తుంటే, బట్టల బుట్టతో గుమ్మం దాకా వచ్చిన అత్తగారు నాలుక కరుచుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఫోన్ పెట్టేశాక కూడా ఎవరూ రాలేదు. ఆ మధ్యాహ్నం ఆకాశం మొత్తం ఒక్క ఊపులో వేసేసింది. బొమ్మ వేసుకోవాలని నెలల తరబడి మొత్తుకున్నా దొరకని ప్రశాంతత వడ్డీ అన్న ఒక్క మాటకి దొరికినందుకు ఆమెకి కడుపు రగిలిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, కంపెనీ మళ్లీ పిలిచిందనీ, ఇంటి నుంచే చేయమందనీ కంచంలోకి చూస్తూ చెప్పింది. భర్త మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి దారిలో పడ్డావన్నాడు.

ఇక రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలుపేసుకుని రంగులు కలిపేది. మధ్యమధ్యలో స్విచాఫ్ చేసిన ఫోనుతో నష్టాల గురించి మాట్లాడేది. "కోడలు మీటింగులో ఉంది" అని అత్తగారు వచ్చినవాళ్లని హాల్లోనే ఆపేసేది. టీ కూడా గదిలోకే వచ్చేది. పబ్లిషరు మొదటి విడత డబ్బు పంపినప్పుడు భర్త అది జీతమనుకుని సంబరపడిపోయి, బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటే ఇది వచ్చేదా అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి ఆమె గబగబా నీళ్లు తాగింది. గదిలోకొచ్చాక ఆ నవ్వు కాస్తా ఏడుపైంది.

పుస్తకం అచ్చయి వచ్చింది. పార్సిల్ భర్తే విప్పాడు. అట్ట మీద ఆమె పేరు చూసి, పేజీలన్నీ తిప్పి, ఉద్యోగం చేస్తూ ఇదెప్పుడు వేశావని అడిగాడు.

"ఉద్యోగం లేదండీ. రోజంతా ఇదే వేశాను. మీరు మెచ్చుకున్న డబ్బు కూడా దీనిదే."

అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. అతను వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. అమ్మకీ, మావాళ్లకీ చెప్పకు. ఆఫీసు పనే అనుకోనీ. నీకూ హాయి, నాకూ పరువు."

అని పుస్తకాన్ని బీరువాలో బట్టల కింద పెట్టబోయాడు. ఇన్నాళ్లూ తెలియక తీసిపారేస్తున్నాడని సరిపెట్టుకుంది. ఇది తెలిశాక అన్న మాట. ఆమె అతని చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో కట్టుకునే చీరతోనే బల్ల ముందు కూర్చుంది. తలుపు బార్లా తీసి ఉంచింది. అత్తగారు తొంగిచూసి ఇవాళ మీటింగు లేదా అని అడిగింది. వెనకాల హాల్లోంచి భర్త, ఉందని చెప్పమన్నట్టు సైగ చేశాడు.

"లేదత్తయ్యా. ఏ రోజూ లేదు. ఇన్నాళ్లూ బొమ్మలే వేశాను."

అత్తగారు బల్ల దాకా వచ్చింది. కొడుకు వైపు చూసింది, రంగుల వైపు చూసింది. తేరుకున్నాక ఆవిడ గొంతులోంచి మొహమాటం ఎగిరిపోయింది.

"ఆఫీసు లేకపోతే మరింకేం, లే. పొయ్యి మీద పాలు పెట్టాను, చూడు."

ఆమె కుంచె నీళ్లలో ముంచింది.

"పాలు మీ అబ్బాయిని చూడమనండత్తయ్యా. నేను పనిలో ఉన్నాను."