రెండు పొట్టేళ్ల మోతాదు

మా ఆయన ఐలేశ్‌కు గుండెల స్టెంటు ఏసి ఏడాది గూడ నిండలే, మల్ల మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైంది. రఘునాథపల్లిల బస్సెక్కించి జనగామ దవాఖానకు తోలుకపోయిన. ఇంకో రక్తనాళం గూడ సన్నవడుతున్నదని, ఇట్లనే తింటే ఈసారి దవాఖాన దాక రావుడు గూడ కష్టమని డాక్టరమ్మ చెప్పింది.

మన పేగులల్ల కండ్లకు కనవడని జీవులుంటయట. రోజూ మటన్ తింటే వాటిల్ల కొన్ని రక్తనాళాలను పాడుజేసే పదార్థం పుట్టిస్తయట. గందుకే మాంసం తగ్గించి ఆకుకూరలు, పప్పులు, జొన్నరొట్టె తినుమన్నది.

అంత చెప్తే మా మహానుభావునికి ఒక్క ముక్కనే చెవికెక్కింది. బస్సుల కూసోని సంబురంగ అన్నడు: "తప్పు మటన్‌ది గాదే ఓదెమ్మా, పొట్టల పురుగులది."

అరవై గొర్లు కాసేటోడు. పురుగులంటే ఏం జెయ్యాల్నో ఆయనకు ఒకలు చెప్పాల్నా? తెల్లారి, కడుపుల పురుగులు సావాల్నని గొర్లకు తాపే నట్టల మందు సీసా తీసిండు. తన బరువు రెండు పొట్టేళ్లంత ఉంటదని, రెండు మోతాదులు కలిపి గటగట తాగిండు. పైంగ తలకాయ కూర వండుమని నాకు ఆర్డరేసిండు.

కూర ఉడకనే లేదు, వాంతులు పట్టుకున్నయి. ఆటోల ఏసుకోని మల్ల జనగామకే ఉరికిన. తొవ్వ పొడుగునా తిట్టుకుంట, ఏడ్సుకుంట పోయిన. ఏం తాగినవని డాక్టరమ్మ అడిగితే నేనే చెప్పిన. నవ్వాల్నో తిట్టాల్నో ఆమెకు సమజ్ గాలే. ప్రాణానికి ఫికర్ లేదన్నంక, నట్టలు వేరు, కండ్లకు కనవడని గీ జీవులు వేరని చెప్పింది. వీటిల్ల మేలు జేసేటియి గూడ ఉంటయట, ఆకులు, పీచే వాటి తిండట.

"ఇన్నేండ్ల సంది వాటిని ఉపాసం పండవెట్టినవ్" అన్నది.

ఐలేశ్ మొఖం మాడిపోయింది. గొర్లకు ఒక్కపూట మేత తక్కువైతే నిద్రవట్టనోడాయె.

మూడు నెలలైంది. తోటకూర, గంగవాయిలి కూర అడిగి మరీ ఏయించుకుంటుండు. పాపం, లోపట ఆకలితోని ఉంటయంటడు. మొన్న పరీక్ష జేసి డాక్టరమ్మ బాగున్నదన్నది. నాకు సంతోషమే, ఎందుకు గాదు? కానీ కడుపుల మంట సల్లారుతలేదు. ఇర్వై ఏండ్లు బతిలాడిన, కొట్లాడిన, అన్నం ముట్టకుంట అలిగిన. పెండ్లాం కోసం ఒక్క ఆకు నమలనోడు, పేరు దెల్వని పురుగుల కోసం కంచం నాకుతుండు.