చల్లారని గుల్ల

తుపాకులు బాగుచేసే ఆవిడ రోజూ కొట్టు తెరవగానే ముందు అరలోని ఇత్తడి గుల్లని తాకి చూసేది. తూటా పేలాక పిస్తోలులోంచి ఎగిరిపడే ఖాళీ గుల్ల అది, చిటికెన వేలి కొనంత. తొమ్మిదేళ్ల కిందట ఆమె తమ్ముడి శవం పక్కన దొరికింది. ఇప్పటికీ వేడిగానే ఉంది. ప్రాణం తీసిన తూటా గుల్ల, తనని పేల్చిన చేతికి చేరేదాకా చల్లారదు మరి. పక్కింటి పిన్నిగారు మోకాళ్లు సలిపినప్పుడల్లా దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకెళ్లి, కాపడం పెట్టుకుని తెచ్చిచ్చేది. పోలీసులు మాత్రం "వేడిగా ఉంటే చాలదమ్మా, చెయ్యేదీ?" అని గుల్లని ఆమెకే ఇచ్చేసి, కేసు మూసేసి చేతులు దులుపుకున్నారు.

ఆమె దులుపుకోలేదు. ఆ చెయ్యి దొరికితే ఏం చెయ్యాలా అని తొమ్మిదేళ్లుగా పళ్లు నూరుకుంటూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఇసుక కాంట్రాక్టరు వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వాసన వచ్చింది. పిస్తోలు బల్ల మీద పెట్టాడు.

"గుల్లలు బయటికి పడట్లేదమ్మా. సందులోనే నిలబడిపోతున్నాయి. రేపు లైసెన్సు వాళ్లకి చూపించాలి."

"ఎప్పట్నుంచి?"

"పాత జబ్బే. ఈమధ్య ముదిరింది."

ఆమె మసి తుడిచి, వెనక గదిలోని ఇసుక పెట్టెలోకి పేల్చి చూసింది. గుల్ల సగం బయటికొచ్చి నిక్కి నిలబడింది. తూటాలు మార్చింది. అదే వరస. స్ప్రింగు మార్చింది. అయినా అంతే. ఇక మిగిలింది గుల్ల అంచుని పట్టి లాగే కొక్కెం. విప్పి భూతద్దం కింద పెడితే, దాని మూతి మధ్యలో చిట్లి రెండు కోరల్లా ఉంది. చిట్లిన చోట నల్లబడింది కూడా, అంటే దెబ్బ పాతదే. ఇప్పుడు పేలిన గుల్లని తిప్పి చూసింది. అంచు మీద పక్కపక్కనే రెండు గాట్లు.

ఆ రెండు గాట్లనీ తమ్ముడి గుల్ల మీద రోజూ చూస్తూనే ఉంది.

"దీన్ని ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చారా?" పిస్తోలు ఎత్తి చూపిస్తూ అడిగింది.

"భలేదానివే! మా ఆవిడని కూడా ముట్టుకోనివ్వను."

అక్కడికక్కడే కాల్చి పారేయాలనిపించింది. పిస్తోలు చేతిలోనే ఉంది, తూటాలూ ఉన్నాయి. కానీ ఒక్క క్షణంలో పోతే వాడికి తెలిసేదేముంది? కొత్త కొక్కెం బిగించి పది తూటాలు పేల్చింది. పది గుల్లలూ చక్కగా ఎగిరిపడ్డాయి.

"కొక్కెం పోయింది. మార్చేశాను."

"పాతది ఇలా ఇచ్చెయ్. నా సామాను ఎక్కడా వదలను," అని కాంట్రాక్టరు అరచెయ్యి చాపాడు.

"ముందు ఇది తీసుకోండి. ఇదీ మీదే," అంటూ అరలోని గుల్ల తీసి ఆ చేతిలో పెట్టింది.

అతను అదిరిపడి చెయ్యి విదిలించాడు. గుల్ల పడలేదు. గోళ్లతో గీరాడు, బల్లకేసి కొట్టాడు. అది అరచేతి నడుమ నిక్కి నిలబడిపోయింది, అప్పటికే చల్లారిపోయి. కాపడానికని వచ్చిన పిన్నిగారు గుమ్మంలోనే ఆగి, ఆ చేతిని చూసి, వీధి వైపు తిరిగి అందర్నీ కేకేసింది.

"ఊడదియ్యమ్మా! నీ కాళ్లు పట్టుకుంటా!"

ఆమె చిట్లిన కొక్కేన్ని అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకుంది. తమ్ముడు పోయాక మొదటిసారి కడుపు చల్లగా అనిపించింది.

"నేను పిస్తోళ్లు బాగుచేస్తాను సార్, చేతులు కాదు. పదండి స్టేషన్‌కి. చెయ్యేదీ అని తొమ్మిదేళ్ల కిందట అడిగారు వాళ్లు."