గంగమ్మకి నా కాళ్ళు పనికిరావట

శుక్రవారం శుక్రవారం పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టడం నా పని. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ముందుకి వంగి చేయి చాచి రాస్తాను. చేయి తగలొచ్చు, కాలు మాత్రం తగలకూడదు. పెళ్ళయి పదహారేళ్ళయింది. ఇంతవరకు నా కాలు ఆ పడవలో పడలేదు. ఆడది ఎక్కితే గంగమ్మ తల్లికి కోపమొస్తుందట, వల ఖాళీగా తిరిగొస్తుందట. ఆ వల చిరిగితే బాగుచేసేది నేను. డీజిల్ డబ్బా నెత్తిన పెట్టుకుని నీళ్ళంచు దాకా మోసేది నేను. పడిన చేప తట్టకెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది, మిగిలినదానికి ఉప్పు రాసి ఇసకలో ఎండబెట్టేది, కుక్కల్ని తోలేది నేను. అసలు డ్వాక్రా గ్రూపులో అప్పుకి సంతకం పెట్టి ఆ పడవ తెప్పించిందే నేను. నా చేతులంటే ఇంత ఇష్టమున్న తల్లికి నా కాళ్ళంటే ఎందుకంత రోత అని ఒకసారి మా అత్త మరిడమ్మని అడిగాను.

"ఓలమ్మ, ఏటి నోరే నీది! సెప్పింది ఇనుకో. యాబయ్యేళ్ళ నుంచి ఈ ఒడ్డునే ఉన్నాను, నాను ఎక్కానేటి?" అంది.

ఎక్కకపోవడమే తన జీవితంలో సాధించిన ఘనకార్యం అన్నట్టు ఛాతీ విరుచుకుని మరీ చెప్పింది.

మా ఊరి పక్కనే ఏరు సముద్రంలో కలుస్తుంది. ఏటికి అవతలి ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ ఒకటి కొత్తగా పెట్టారు. రికార్డులు రాయడానికి మనిషి కావాలంటే వెళ్ళి అడిగాను. నేను రాజాంలో ఇంటర్ బైపీసీ చదివాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, చేపలు అమ్మీ అమ్మీ నాకే సగం మరుపొచ్చింది. సోమవారం ఉదయం ఎనిమిదింటికల్లా వచ్చి చేరమన్నారు, రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నారు. మా ఊరికి మొదటి బస్సు తొమ్మిదిన్నరకి. నౌపడ మీదుగా చుట్టూ తిరిగి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పడవలో అయితే పది నిమిషాలు.

"పొద్దున దింపీసి సాయంత్రం తెచ్చీ మావా" అని నా మొగుడు కూర్మయ్యని అడిగాను.

అన్నం కలుపుతూనే నవ్వాడు. "రొయ్యిపిల్లలకి పాటాలు సెప్తావేటి? ఇంటికాడ పన్నేదా నీకు? ఆడదాన్ని ఎక్కించానంటే ఊరోల్లు నా మొకాన ఉమ్మేస్తారు. మల్లీ ఆ మాట ఎత్తకు. పులుసులో ఉప్పు సాల్లేదు."

లేచి వెళ్ళి ఉప్పు తెచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన నవ్వు కన్నా నేను లేచి వెళ్ళిన సంగతే ఎక్కువ మండిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం. ఎవరో మా తీరాన్ని వీడియో తీసి ఫోన్లో పెట్టిన దగ్గర్నుంచి సెలవొస్తే చాలు, కార్లు దిగుతున్నాయి. వేటకన్నా వాళ్ళని పడవలో తిప్పడమే సుఖమని కూర్మయ్య కనిపెట్టాడు. అట్టమీద 'బోటింగ్' అని రాయించి, నాలుగు నారింజరంగు లైఫ్ జాకెట్లు కొని, తల దువ్వుకుని నిలబడతాడు. ఆ రోజు రాజాం నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆరుగురు చెప్పుల కాళ్ళతో పడవెక్కారు. ఒకావిడ ఫోటో కోసం, మొన్న శుక్రవారం నేను పెట్టిన బొట్టు మీదే అడుగేసి నిలబడింది. పాపం, ఆవిడకేం తెలుసు. కూర్మయ్య ఆవిడ మోచేయి పట్టుకుని "జాగర్త మేడం, జాగర్త" అని ఒకటే కలవరపడ్డాడు. నేను డీజిల్ మోస్తూ జారిపడినప్పుడు ఈయన అన్న మాట "డబ్బా సూసుకో".

సాయంత్రం నిలదీశాను. "మరి ఆల్లు ఆడోల్లు కాదేటి?"

"ఆల్లు ఆడోల్లేటే? టూరిస్టులు" అన్నాడు. నవ్వలేదు కూడా, నిజంగానే అన్నాడు.

"ఆల్లకి మన కట్టుబాట్లు తగల్వు" అని అత్త వంత పాడింది. "గంగమ్మకి మనోల్లే తెలుస్తారు."

ఛీ! వాళ్ళకి భక్తి ఉంటే గౌరవించేదాన్ని. భయమున్నా అర్థం చేసుకునేదాన్ని. రెండూ లేవు. కార్లు చూడగానే మడత పెట్టి మూల పెట్టేసేపాటి దేవతని చూపించి, పదహారేళ్ళు నన్ను ఒడ్డున నిలబెట్టారు. నేనూ నిలబడ్డాను, గంగిరెద్దులా తలాడిస్తూ.

సోమవారం తెల్లవారేసరికి ఇంకో కుటుంబం వచ్చింది, అవతలి ఒడ్డున ఇసకదిబ్బల మీద తిరుగుతారట. నేను డీజిల్ డబ్బా అందించాను. వాళ్ళ ముసలావిడ ఎక్కింది, కోడలు ఎక్కింది, వాళ్ళ వెనకే సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని నేనూ ఎక్కాను. భయమేసింది, అబద్ధమెందుకు. అయినా పెట్టిన కాలు తియ్యలేదు.

"ఏటే ఈశ్వరీ, దిగు" అన్నాడు కూర్మయ్య పళ్ళ మధ్య నుంచి. అంతకన్నా గొంతు లేవలేదు. పెళ్ళాన్ని తిట్టే గొంతు టూరిస్టుల ముందు బయటికి తీయడు.

"ఎవరు బాబూ ఈవిడ?" అంది ముసలావిడ.

"మా ఊరావిడండి" అన్నాడు.

పదహారేళ్ళ కాపరం. ఊరావిడ!

"నాను ఈయన పెళ్ళాన్నండి" అన్నాను. "అవతల ఉజ్జోగం వచ్చింది. ఇంక రోజూ ఈ పడవలోనే ఎల్తాను."

"మంచిదమ్మా! ఇలా ప్రోత్సహించే భర్త దొరకడం అదృష్టం" అంది ఆవిడ.

ఇకిలించాడు. సిగ్గులేని మనిషి, ఆ మెప్పు కూడా జేబులో వేసుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. ఒడ్డున అత్త చేతులూపుతూ ఏదో అరిచింది, ఆ చప్పుడులో నాకు వినబడలేదు. కాసేపు అరిచి, మళ్ళీ ఎండుచేపల దగ్గర వంగింది.

ఏటి మధ్యకి వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. మా ఊరిని నీళ్ళ మీంచి చూడడం అదే మొదటిసారి. ఒడ్డు పొడుగునా నిలబడి ఉన్నవాళ్ళంతా మగవాళ్ళు, నడుం వంచి ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళు.