యామికానికి గుడ్డు

గుడ్డు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక దొంగవుతాడని మా అమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. కోడిని పుట్టించిన దేవుడు దాని గుడ్డులో దొంగబుద్ధి ఎందుకు పెట్టాడా అని చిన్నప్పటినుంచీ నాకొక సందేహం. ప్రార్థనలో అడిగాను, జవాబు రాలేదు. పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను. కానీ ఆయన మా అన్న ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన పళ్ళెంలో ఉండేవి గుడ్లే. తింటున్న మనిషిని ఆ మాట ఎలా అడగను?

ఆ సందేహాన్ని అలాగే మోసేదాన్నేమో, నా మనవడు యామికాని సాయంత్రాలు తడుముకోవడం మొదలుపెట్టకపోతే.

మా అమ్మాయి జియోనేకు రెండో కాన్పు అయ్యాక యామికాని చేత పాలు మాన్పించాం. అప్పటినుంచి ఇంటిల్లిపాదీ తినేదే వాడికీ. న్సీమా అనే మొక్కజొన్నపిండి ముద్ద, గుమ్మడాకు కూర. కళ్ళకు మంచిదని చెప్పి విత్తనాలిచ్చారని అంతకుముందు ఏడు నారింజరంగు మొక్కజొన్న వేశాం, ఆ పిండితోనే ముద్ద వండేవాళ్ళం. పెరట్లో బొప్పాయి కాసింది. ఊళ్ళో పిల్లల్ని తూచే రోజున వాడి నాలుక మీద విటమిన్ చుక్కలు వేశారు. వాడు మొహం చిట్లించడం నేను నా కళ్ళతో చూశాను. అయినా పొద్దు కొండ వెనక్కి దిగగానే వాడికి ఎదుట ఉన్న గిన్నె దొరికేది కాదు. కుక్కపిల్లను తొక్కేవాడు. తర్వాత పాదాలు వాచాయి, జుట్టు ఎర్రబడింది.

తర్వాతి తూకం రోజున నర్సు ఆడవాళ్ళందరి ముందూ జియోనేను నిలబెట్టింది. "చుక్కలు వేయించలేదు, అంతే. ఆ రోజు ఎక్కడికి పోయావు? సారా కాచుకుంటూ కూర్చున్నావా?" అంది. నేను అడ్డం వెళ్ళి, వేశారమ్మా, నేను పక్కనే ఉన్నానని చెప్పాను. ఆమె వినలేదు.

ఇంటికొస్తే మా అన్న యోబె ఇంకో నింద సిద్ధంగా పెట్టుకున్నాడు. మాలో ఆడవాళ్ళ పిల్లల మీద పెత్తనం మేనమామది. జియోనేకైనా, ఆమె బిడ్డకైనా ఆయన మాటే మాట. బిడ్డ పాలు తాగుతుండగానే మొగుడి పక్కకి చేరినందుకే వాడి కాళ్ళు వాచాయని తీర్పు చెప్పేశాడు. జియోనే ఆ పూట ముద్ద ముట్టలేదు. బిడ్డ కళ్ళు పోతుంటే తల్లిలో తప్పు వెతకడానికి అందరికీ తీరిక దొరికింది.

మర్నాడు వాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి ఆసుపత్రికి నడిపించుకుపోయాం. డాక్టర్ సకాల వాడి పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. ఆయన అడక్కముందే నేను అందుకున్నాను.

"చుక్కలు వేయించాం బాబూ. మా పిల్ల అబద్ధం ఆడట్లేదు."

"ఆడుతోందని నేను అన్లేదుగా అమ్మా. మీ గాదె నిండుగానే ఉండుంటుంది. మోసేవాళ్ళే లేరు."

తర్వాత ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పుకొచ్చాడు. ఆ చుక్కల్లో సత్తువ, ఆ నారింజరంగు ముద్దలో సత్తువ కాలేయంలోకి వెళ్ళి గాదెలో గింజల్లా నిలవుంటాయట. కానీ అది నూనెలాంటిది, నెత్తురు నీళ్ళలాంటిది. తనంతట తాను కంటిదాకా ఈదుకుంటూ పోలేదు. అందుకని కాలేయమే దానికొక కూలివాణ్ణి తయారుచేస్తుంది. వాడు గింజను ఒడిసిపట్టుకుని బయల్దేరతాడు. వాడు మరీ చిన్నవాడు, ఒంటరిగా వెళితే మూత్రపిండాల్లో కొట్టుకుపోతాడు. అందుకని దారిలో పెద్దవాడొకడు వాడి చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఇద్దర్నీ తయారుచేయాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డో, పాలో, చేపో, వేరుశనగో తినాలి. అవి లేకపోతే గాదెలో గింజ గాదెలోనే ఉంటుంది, కన్ను చీకట్లో ఉంటుంది.

"ఇందులో ఈమె తప్పేం లేదు" అన్నాడు జియోనే వైపు చూసి. ఆ ఒక్క మాటకు నా బిడ్డ గోడవైపు తిరిగి ఏడ్చింది.

వాపు తగ్గేదాకా అక్కడే ఉంచుకుని కొద్దికొద్దిగా పాలు పట్టించారు. పంపేటప్పుడు రోజూ గుడ్డు పెట్టమన్నారు. వానలు మొహం చాటేసి ఆ ఏడు మా వేరుశనగ ఎండిపోయింది, చిక్కుళ్ళూ పోయాయి. కోళ్ళున్నది యోబె వాకిట్లోనే.

వెళ్ళాను. ఆయన చెట్టునీడన పారకు పిడి చెక్కుకుంటున్నాడు, చుట్టూ ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు. పద్ధతి ప్రకారం మోకరిల్లి చేతులు తట్టి పలకరించాను. పిల్లవాడికి రోజుకొక గుడ్డు అడిగాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"దొంగని పెంచుతావా చెల్లీ? రేపు వాడు ఊళ్ళో కోళ్ళు పడితే తల దించుకోవాల్సింది నేను" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు.

"మరి వాడి కళ్ళు పోతే?"

"దేవుడి ఇష్టం."

అంతవరకూ నేను చెల్లెల్లాగే మాట్లాడాను. ఆ మాట విన్నాక నా వల్ల కాలేదు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకన్నా. ఆయన ఇవ్వాల్సింది ఇచ్చాడు. నీ గంప కింద పెట్టుకుని కూర్చున్నది నువ్వు. సరే, ఒకటి చెప్పు. చిన్నప్పుడు అమ్మ నీకెప్పుడైనా గుడ్డు పెట్టిందా?"

"ఒక్కటీ పెట్టలేదు" అన్నాడు, గర్వంగా.

"మరి నా కోడేదన్నా?"

ఆయన చేతిలో కత్తి ఆగింది. జియోనే ఇంకా పాకే వయసులో ఉండగా తెగులొచ్చి యోబె కోళ్ళన్నీ చచ్చాయి. పొదిగే కోడినొకదాన్ని ఇవ్వు, పిల్లల్ని లేపగానే తిరిగిస్తానని నా దగ్గర పట్టుకెళ్ళాడు. ఆ వాకిట్లో తిరుగుతున్నవన్నీ దాని సంతానమే. ఆ సంగతి అక్కడ కూర్చున్నవాళ్ళకూ తెలుసు. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"గుడ్డు తినకుండానే ఇలాగైతే, తిన్నవాడు ఇంకేం చెడిపోతాడన్నా?" అని, జవాబు కోసం ఆగకుండా లేచి వచ్చేశాను. పెద్దవాణ్ణి నలుగురిలో అలా అన్నందుకు క్షమించమని దేవుణ్ణి అడిగాను గానీ, అన్న మాట వెనక్కి తీసుకుంటానని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దు వాలకముందే యోబె వచ్చాడు. చంకలో నల్లకోడి, దాని కాళ్ళకు నారకట్టు. గడప దాటలేదు. జియోనే వైపు చూడలేదు. తప్పయిందని ఆమెకొక మాట చెప్పాల్సింది, చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

"నీ కోడి లేదుగా, దాని మనవరాలో మునిమనవరాలో ఇది" అన్నాడు. "పొద్దున గుడ్డు పెట్టింది."

ఆ గుడ్డు జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. కోడిని అందుకుని నేను దాని కాళ్ళ కట్టు విప్పాను.