దారపు ఉండ

పెద్దకోడలు వాషింగ్ మెషీన్ ముందు నేలమీద చతికిలబడి, కింది మూలనున్న చిన్న మూతను చెంచా కాడతో ఊడదీసింది. లోపలి ఫిల్టర్ పిడిని సగం తిప్పి, వెడల్పాటి పళ్ళెం దాని కిందికి జరిపింది. మురికినీళ్ళు బొటబొటా కారాయి. పళ్ళెం నిండగానే పిడి బిగించాలి, నీళ్ళు పారబోసి రావాలి, మళ్ళీ పిడి వదులు చేయాలి. నాలుగు పళ్ళేల నీళ్ళు పోయాక ఫిల్టర్ చేతిలోకి వచ్చింది. దాని చుట్టూ రంగురంగుల దారాలు మెలిపడి ఉన్నాయి. వాటిని ఓపికగా లాగి ఉండ చుట్టింది. ఎప్పటిలాగే కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్ట అడుక్కి తోయబోయి, ఆగింది. ఆ ఉండను పళ్ళెంలోనే ఉంచింది.

దర్జీ ఇల్లది. మరిది పొద్దుటినుంచీ ముందుగదిలో కుట్టుమెషీన్ తొక్కుతూనే ఉంటాడు. ఆయన జేబుల్లో, ప్యాంటు మడతల్లో దారపు పోగులు, కాన్వాసు ముక్కలు, అరిగిన సుద్దముక్కలు. దులపడం ఎవరికీ గుర్తుండదు. బట్టలు అలాగే మెషీన్‌లో పడతాయి. నాలుగు రోజులు తిరగకుండానే నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మెషీన్ మధ్యలో ఆగి కీచుమని కూస్తుంది. ఆ ఇంట్లో దాన్ని "అలిగింది" అంటారు.

అది మొదటిసారి అలిగింది నాలుగేళ్ళ క్రితం. ఆమె భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. పక్కింటికి వచ్చిన మెకానిక్ వాళ్ళ మెషీన్‌కు ఇదే పని చేస్తుంటే, గుమ్మంలో నిలబడి కళ్ళప్పగించి చూసింది. మర్నాడు ఎవరూ లేనప్పుడు తనూ చేసింది. సాయంత్రం మెషీన్ తిరుగుతుంటే మరిది ఆశ్చర్యపోయాడు.

"ఏం చేశావు వదినా?"

"ఏమో. అలా చెయ్యి వేశాను, తిరిగింది."

వేళాకోళానికి అన్న మాట. అదే నిలబడిపోయింది. వదిన హస్తవాసి అన్నారు. టీవీ రిమోట్ పనిచేయకపోతే ఆమె చేతికే ఇచ్చేవారు. ఆమె బ్యాటరీలు తీసి, తుడిచి, అటూఇటూ మార్చి పెట్టేది. అంతమాత్రానికే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. భర్త లేని ఇంట్లో తనదంటూ ఒక చోటు దొరికినట్టనిపించి, ఆమె గుట్టు విప్పలేదు. చెప్పకపోవడం అబద్ధమాడటం కాదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

పోయిన ఆదివారం మరిది అన్నం తింటూ అన్నాడు, "నెలాఖరుకి కొత్త మెషీన్ తెద్దాం. దాన్ని ఎవరు నొక్కినా తిరుగుతుందట."

ఆమె సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కుంది. మర్నాడే తమ్ముడికి ఫోన్ చేసింది. ఇవాళ పదింటికి వాడు సందు చివర మందుల షాపు దగ్గర నిలబడతాడు. ఇంటికి రావద్దని తనే చెప్పింది. ఇంట్లోవాళ్ళతో మాత్రం పుట్టింట్లో పదిరోజులుండి వస్తానంది.

తలుపు చప్పుడయింది. పిల్లల్ని బడిలో దింపి చిన్నకోడలు వచ్చింది. వస్తూనే గోడవార ఉన్న సంచీని కాలితో తట్టి చూసింది.

"పదిరోజులకి ఇంత సంచీనా అక్కా? స్వెట్టర్ కూడా పెట్టావు. నువ్వొచ్చేసరికి ఏ కాలం వస్తుందేమిటి?"

"నువ్విలా రా. ఒకటి చూపించాలి."

చిన్నకోడలు వచ్చి గొంతుక్కూర్చుంది. తెరిచి ఉన్న మూతవంక, పళ్ళెంలోని ఉండవంక మార్చి మార్చి చూసింది.

"ఇది తెరుచుకుంటుందా? ఊరికే అందానికి పెట్టారనుకున్నాను."

"ఇందులో దారాలు పడతాయి. వారానికి రెండుసార్లు తీసేస్తే చాలు, ఇది మొరాయించదు. ముందు పళ్ళెం పెట్టుకో, లేకపోతే ఇల్లంతా వరదే."

"ఎన్నాళ్ళనుంచి తీస్తున్నావు?"

"నాలుగేళ్ళు."

"మరి హస్తవాసి?"

"అదేం లేదు. చెంచా ఉంది, అంతే."

చిన్నకోడలు చెంచా అందుకుని చూసింది. "ఇది మా చిన్నదాని చెంచా. ఏడాదిగా వెతుకుతున్నాను."

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. పెద్దకోడలు తల వంచుకుని ఫిల్టర్‌ను కొంగుతో తుడవసాగింది.

"నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఇది ఆగిపోయింది, గుర్తుందా? వారం రోజులు అందరి బట్టలూ నువ్వే చేత్తో ఉతికావు. నీ వేళ్ళు ఒరుసుకుపోయాయి. మంచమ్మీంచి చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు."

"ఎందుకని?"

"చెప్పేస్తే ఇక నాతో మీకేం పని?"

ముందుగదిలో కుట్టుమెషీన్ ఆగింది. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది, నెమ్మదిగా.

"అంటే, బట్టలుతకడానికి నిన్ను ఉంచుకున్నామనుకున్నావు," అంది చిన్నకోడలు. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ మా మధ్య కూర్చుని అన్నం తిన్నావు."

పెద్దకోడలు తుడిచిన ఫిల్టర్‌నే మళ్ళీ తుడిచింది. కాదంటే మళ్ళీ అబద్ధమవుతుంది.

చిన్నకోడలు ఆమె చేతిలోంచి ఫిల్టర్ తీసుకుని, లోపల పెట్టి, రెండుసార్లు తప్పుగా తిప్పి, మూడోసారికి బిగించింది. మూత నొక్కింది. లేచి గోడవార ఉన్న సంచీని ఈడ్చుకొచ్చి జిప్పు లాగింది. మడతలు పెట్టిన బట్టల్ని చేతులనిండా తీసి మెషీన్‌లో కుక్కింది. స్వెట్టర్ కూడా.

"అవి ఉతికినవే," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు సబ్బుపొడి వేసింది. తలుపు మూసి మీట తిప్పింది. గాజుకు అవతల నీళ్ళు పడసాగాయి. మడతలు ఒక్కొక్కటే విడిపోయి, బరువెక్కి, కిందికి జారాయి.

"తమ్ముడు మందుల షాపు దగ్గర ఎండలో నిలబడి ఉంటాడు," అంది పెద్దకోడలు, మెషీన్‌నే చూస్తూ.

చిన్నకోడలు తడిచేతులు తుడుచుకుంది. ఖాళీ సంచీని మడిచి బీరువా మీదికి విసిరింది. చెప్పులు వేసుకుని, కుట్టుపని ఆపి తలెత్తిన మొగుడి పక్కనుంచి గడప దిగి, మందుల షాపు వైపు నడిచింది.